పై ముడత, కింది ముడత, మధ్యలో మన భాషాభిమానం

తెలుగు గురించి మన ఐటీ జనాల్లో వాదన మొదలైతే ఉండేది రెండే జట్లు. ఒకటి "అమ్మభాష చచ్చిపోతోంది బాబోయ్" జట్టు. రెండోది "తెలుగు కూడు పెడుతుందా, మనల్ని ఇక్కడిదాకా తెచ్చింది ఇంగ్లీషే కదా" జట్టు. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం అంటూ జీవో 81 తెచ్చినప్పుడూ, 2020 ఏప్రిల్లో హైకోర్టు దాన్ని కొట్టేసినప్పుడూ ఈ రెండు జట్లూ ఎలా కొట్టుకున్నాయో చూశాం. ఇప్పటికీ ఆగస్టు 29 వచ్చిందంటే అదే మ్యాచ్, అదే పిచ్, అదే స్కోరు.

నా గొడవ ఈ రెండు జట్లతోనూ. ఒకరికి తెలుగు దేవుడి గదిలో పటం, ఇంకొకరికి అటకెక్కించిన పాత సామాను. పటానికి దండేస్తాం, సామాను సంగతి మర్చిపోతాం. రిపేరు మాత్రం దేనికీ చెయ్యం. భాష రోజూ వాడే పనిముట్టు. పంట మారినా, చట్టం మారినా, కూలికొచ్చే మనుషులు మారినా దానికి మళ్ళీ పదును పెట్టాలి. ఆ పదును పెట్టే పనికి అనువర్తిత భాషాశాస్త్రం అని ఓ పేరుంది. పేరు వినగానే ఆవులింత వస్తోందా? ఆగండి, గుంటూరు మిరప చేలోకి తీసుకెళ్తా.

మిరపకి ఆకుముడత వస్తుంది. మన రైతు దాన్ని ఒక్క మాటతో సరిపెట్టలేదు. ఆకు అంచులు పైకి ముడుచుకుపోతే 'పై ముడత'. కిందికి ముడుచుకుంటే 'కింది ముడత'. పై ముడతకి కారణం తామర పురుగు, కింది ముడతకి కారణం తెల్లనల్లి. తామర పురుగుకి ఆరు కాళ్ళు, అది కీటకం. నల్లికి ఎనిమిది కాళ్ళు, అది సాలెపురుగుకి చుట్టం. ఒకదానికి కొట్టే మందు చాలాసార్లు రెండోదాన్ని ఏమీ చెయ్యదు. అంటే ఏమిటన్నమాట? పేరులోనే రోగ నిర్ధారణ ఉంది. చేను గట్టు మీద నిలబడి పలికే రెండు మాటల్లో ఓ పూర్తి ఇఫ్-ఎల్స్ ఉంది. మనం వారం రోజులు మీటింగులు పెట్టుకున్నా ఇంత శుభ్రంగా డిజైన్ చెయ్యలేం.

ఇప్పుడు పరిస్థితి మారింది. 2021లో మన మిరప చేలమీదకి కొత్త రకం తామర పురుగు దిగింది. శాస్త్రవేత్తలు దాన్ని త్రిప్స్ పార్విస్పైనస్ అంటారు. ఇది ముఖ్యంగా పూలలో చేరుతుంది, పూత రాలిపోతుంది, కాయ నిలవదు. ఆ సీజన్లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మిరప రైతు నిలువునా మునిగాడు. ముడత చూసి పురుగుని పట్టే పాత భాషకి పువ్వులో కూర్చున్న పురుగు దొరకలేదు. కొందరు నల్ల తామర అన్నారు, కొందరు ఉత్త నల్లి అన్నారు. కొట్టుకెళ్ళి 'నల్లి' అంటే ఆయన నల్లి మందే ఇస్తాడు. పంట పోయింది పేరు వల్లే అని నేననను, ఆ పురుగు సరైన మందులకీ ఓ పట్టాన లొంగలేదు. కానీ కొత్త శత్రువు ఊళ్ళోకి వచ్చిన మొదటి వారంలోనే దానికో ఖాయమైన పేరు, గుర్తుపట్టే ఆనవాలు, ఊరూరా ఒకే మాటగా వెళ్ళాలా వద్దా? ఆ పని ఎవరిది? వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తకి పురుగు తెలుసు, మాట తెలియదు. తెలుగు ప్రొఫెసరుగారికి మాట తెలుసు, పురుగు తెలియదు. మధ్యలో కుర్చీ ఖాళీ.

ఆ ఖాళీలో మనం కూడా ఉన్నాం, ఊరికే వదలను. కొన్నాళ్ళ క్రితం నేనో రైతు సలహాల యాప్ ప్రాజెక్టులో పనిచేశా. కంపెనీ పేరు అనవసరం. తెలుగు మాటలన్నీ ఓ ఎక్సెల్ షీటులో వచ్చాయి. ఇంగ్లీషు 'పెస్ట్' ఉన్న ప్రతిచోటా 'తెగులు' అని పెట్టారు. మన వైపు ఏ రైతునైనా అడగండి, పురుగు వేరు, తెగులు వేరు. పురుగు కంటికి కనబడి కొరికేది, పీల్చేది. తెగులు అంటే బూజు, కుళ్ళు, వైరస్సు. పురుగుకి ఓ మందు, తెగులుకి ఇంకోటి. అదే మాట బగ్‌గా రాసి పెట్టా. "కాస్మెటిక్, లో ప్రయారిటీ" అని మూసేశారు. బటన్ రంగు రెండు షేడ్లు తేడా వస్తే మాత్రం హై ప్రయారిటీ! ఆ యాప్‌ని నమ్మి ఒక్క రైతు ఒక్క తప్పు డబ్బా కొన్నా ఆ ఖర్చు ఎవరి ఖాతాలో వెయ్యాలి?

అసలు 'మందు' అన్న మాటే చూడండి. జ్వరానికి వేసుకునేది మందు. సాయంత్రం తాగేది మందు. యూరియా, డీఏపీ బస్తాలు మందు కట్టలు. చేలో కొట్టేది పురుగుల మందు. పత్తి చేలో విషం కలిపే చేతికి ఆ విషం పేరు 'మందు'. డబ్బా మీద 'కీటకనాశిని' అని ఉంటుంది, ఊళ్ళో ఆ మాట ఎవరూ పలకరు. సర్లెండి, చదువురాని వాళ్ళ కోసం రంగుల త్రికోణం ఉందిగా అంటారేమో. ఎరుపు అత్యంత విషం, పసుపు ఎక్కువ విషం, నీలం మధ్యస్థం, ఆకుపచ్చ కొద్దిపాటి విషం. కానీ మన జనం రోజూ చూసే ఆకుపచ్చ ఏది? సిగ్నల్ దగ్గర 'పో నాయనా' అనే ఆకుపచ్చ. శాకాహార పొట్లం మీది ఆకుపచ్చ చుక్క. ఎరుపు తర్వాత పసుపు ఎక్కువ విషమనీ, నీలం దాని కంటే తక్కువనీ ఎవరికి తడుతుంది? రంగు కూడా భాషే. దాన్ని పెట్టే ముందు పదిమంది కూలీలకి చూపించి "ఇదేమంటోంది?" అని అడిగితే తేలిపోయే విషయం ఇది. మన పరిభాషలో చెప్పాలంటే యూజర్ టెస్టింగ్.

కరపత్రం హిందీ, ఇంగ్లీషుతో పాటు స్థానిక భాషలో కూడా ఉండాలని 1971 నాటి క్రిమిసంహారకాల నిబంధనల్లోనే ఉంది. కాబట్టి చట్టం ప్రకారం తెలుగు ఉంది. చీమకాళ్ళంత అక్షరాల్లో, ఎనిమిది మడతల కాగితంలో, ఏ మనిషీ మాట్లాడని తెలుగు. మోతాదు హెక్టారు లెక్కన ఉంటుంది. మన చేలల్లో హెక్టారు ఎక్కడుందండీ? ఎకరం ఉంది, సెంటు ఉంది, కొట్టేటప్పుడు 'ట్యాంకుకి ఎన్ని మూతలు' ఉంది. హెక్టారు నుంచి ఎకరానికి, ఎకరం నుంచి ట్యాంకుకి, ట్యాంకు నుంచి మూతకి లెక్క కట్టాల్సింది మధ్యాహ్నం ఎండలో వీపున బరువు మోస్తున్న మనిషి. 1999లో నాసా వాళ్ళు ఓ జట్టు పౌండ్లలో, ఇంకో జట్టు న్యూటన్లలో లెక్క కట్టి అంగారకుడి దగ్గర ఉపగ్రహాన్ని పోగొట్టుకున్నారని మనందరం కథలు కథలుగా చెప్పుకుంటాం. అక్కడ పోయింది యంత్రం. 2017లో మహారాష్ట్ర యవత్మాల్‌లో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా మనుషులు పోయారు. ఆ చావులకి కారణాలు చాలా ఉన్నాయి. లేబుల్ చదివి ఆగే అవకాశం ఆ మనుషులకి లేకపోవడం కూడా అందులో ఒకటి.

ఇదంతా మనకి చేతకాక కాదు. ఒకప్పుడు చేశాం. 1928లో ఒంగోలులో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఇదే పని చేశారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చాయి. కోస్తా, సీమ, తెలంగాణ ఒకే ప్రభుత్వం కిందకి చేరాయి. బడి పుస్తకాలు, పేపర్లు, ఆఫీసు కాగితాలు ఏ తెలుగులో ఉండాలి అన్నది రాజకీయం తెచ్చిపెట్టిన ప్రశ్న. ఆయన గదిలో కూర్చుని జవాబు రాయలేదు. ఊళ్ళకి మనుషుల్ని పంపి, నాగలి భాగాల్ని ఏమంటారు, కుప్ప నూర్చడాన్ని ఏమంటారు అని రైతుల్ని అడిగించారు. 1962లో సాహిత్య అకాడమీ మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం అచ్చేసింది, వ్యవసాయం మీద. 1971లో చేనేత మీద రెండోది. తెలుగుదేశాన్ని నాలుగు మాండలిక మండలాలుగా చూడటం ఆ పొలం గట్టు సేకరణ నుంచి తేలిందే. దీన్నే మనం రిక్వైర్‌మెంట్స్ గ్యాదరింగ్ అంటాం, కాకపోతే మనం ఏసీ గదిలో క్లయింటు మేనేజరుతో చేస్తాం.

వేటపాలెంలో 1932లో పుట్టిన బూదరాజు రాధాకృష్ణ గారిదీ ఇదే దారి. తెలుగు అకాడమీలో పనిచేసి, తర్వాత ఈనాడు జర్నలిజం పాఠశాల ప్రిన్సిపాలుగా ఊళ్ళ నుంచొచ్చిన కుర్రాళ్ళకి జనం చదివే తెలుగు రాయడం నేర్పారు. వీళ్ళిద్దరి కంటే ముందు గిడుగు రామమూర్తి గారు. మనం ఏటా దండేసేది ఆయనకే. ఆయన తెలుగు కంటే ముందు పర్లాకిమిడి దగ్గర సవరల భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లల చదువు కోసం పుస్తకాలు రాశారు. ఈ ముగ్గురిలో ఎవరూ "తెలుగు తియ్యన" అంటూ కూర్చోలేదు. ఎవరు వాడతారు, ఎక్కడ వాడతారు, దేనికి వాడతారు అని అడిగి పని చేశారు.

ఆ 1962 తర్వాత మన మైదానంలో ఏం జరిగిందో చూడండి. 1967లో సాగర్ కాలవల నీళ్ళు వదిలారు. హైబ్రిడ్ పత్తి వచ్చింది. 1987-88లో తెల్లదోమ పడి, మందుల మీద మందులు కొట్టి, అప్పులు తీరక గుంటూరు, ప్రకాశం పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2002లో బీటీ పత్తి, 2006లో దాని రెండో తరం వచ్చాయి. గులాబీ రంగు పురుగు దానికీ అలవాటు పడింది. ఇందులో ఏ ఒక్కటీ 1962 పుస్తకంలో ఉండే అవకాశమే లేదు. అది పుస్తకం తప్పు కాదు. వెర్షన్ 1 రిలీజ్ చేసి అరవై ఏళ్ళు అప్‌డేట్ ఇవ్వకపోతే తప్పెవరిది?

ఆ అరవై ఏళ్ళూ రైతుతో రైతు భాషలో మాట్లాడింది ఎవరో తెలుసా? పురుగు మందుల కొట్టువాడు. ఆయన్ని మించిన అనువర్తిత భాషాశాస్త్రవేత్త మండలంలో లేడు. ప్రభుత్వం 'సమగ్ర సస్యరక్షణ' అంటుంది. ఆయన "ఇది కొట్టు, మూడో రోజుకి ఆకు విచ్చుకోకపోతే నన్నడుగు" అంటాడు. ఎవరి మాట వింటారు? అనుమతి లేని కలుపు మందు తట్టుకునే పత్తి విత్తనాలకి 'బీజీ-3' అని పేరు తగిలించి అమ్మారు. ఎంత తెలివో చూడండి. ఒకటి, రెండు అధికారికం, కాబట్టి మూడు కూడా అంతే అనిపిస్తుంది. ఒక్క అంకెతో దొంగ సరుక్కి దొరతనం వచ్చేసింది. భాషకున్న శక్తి అమ్మేవాడికి తెలిసినంతగా కాపాడాల్సినవాడికి తెలియదు.

ఇక చట్టాల సంగతి. మా వైపు చాలా పొలం దున్నేది కౌలు రైతే. 2011లో ఆయన కోసం తెచ్చిన చట్టం పేరు 'భూ అధీకృత సాగుదారుల చట్టం'. 2019లో వచ్చిన దాని పేరు 'పంట సాగుదారు హక్కుల చట్టం'. రెండిట్లోనూ 'కౌలు' అన్న మాటే లేదు! ఆ మాట కనబడితే భూమి యజమాని బెదురుతాడని తప్పించినట్టుంది. ఊళ్ళో మాత్రం అందరూ 'కౌలు కార్డు' అనే అంటారు. 2019 చట్టానికి పదకొండు నెలల ఒప్పందం మీద యజమాని సంతకం కావాలి. యజమాని అడిగే ప్రశ్న ఒక్కటే: "సంతకం పెడితే నా పొలం పోతుందా?" పోదు అని చట్టంలో ఉంది. ఆ 'పోదు' అన్న రెండక్షరాలు పెద్ద అక్షరాల్లో, రచ్చబండ దగ్గర చదివి వినిపించేలా కాగితం మీద మొదటి వాక్యంగా ఉండాలి. పేరు మార్చారు, భయం మార్చలేదు.

అసలు 'రైతు' ఎవరు? 2007 జాతీయ రైతు విధానం కౌలుదార్లనీ, కూలీలనీ కూడా కలిపి రైతుకి నిర్వచనం ఇచ్చింది. 2019లో మొదలైన పీఎం కిసాన్ సొమ్ము మాత్రం భూమి పేరున ఉన్నవాడికే. ఒకే దేశం, ఒకే మాట, రెండు అర్థాలు. మన కోడ్‌లో ఒకే వేరియబుల్‌కి రెండు ఫైళ్ళలో రెండు నిర్వచనాలుంటే రివ్యూలోనే చీల్చి చెండాడతాం. రాజధాని కోసం 2015లో గుంటూరు జిల్లా రైతుల ముందుకొచ్చిన రెండు మాటలు గుర్తున్నాయా? భూ సమీకరణ, భూ సేకరణ. వినడానికి అన్నదమ్ముల్లా ఉన్నాయి. ఒకటి ఒప్పుకుని ఇచ్చి బదులుగా ప్లాటు, ఏటా కౌలు తీసుకోవడం. రెండోది 2013 చట్టం కింద ప్రభుత్వం తీసుకుని పరిహారం ఇవ్వడం. ఇంటిల్లిపాది బతుకుని తేల్చే తేడా రెండు సంస్కృత పదాల మధ్య అంత సన్నగా ఉండాలా?

పేర్లు మార్చడంలో మాత్రం మనకి సాటి లేదు. 2020లో రైతు భరోసా కేంద్రం, 2024లో ప్రభుత్వం మారాక రైతు సేవా కేంద్రం. 2022లో జిల్లాలు చీలి చీరాల, పర్చూరు బాపట్ల జిల్లాలోకి వెళ్ళాయి, ఫారాలన్నీ మారాయి. బోర్డుకి రంగు వెయ్యడానికి డబ్బులుంటాయి. లోపలి పోస్టరు జనానికి అర్థమైందా అని అడగడానికి ఉండవు.

ఆ జనం కూడా మారారు. మిరప కోతలకి కర్నూలు పడమటి మండలాల నుంచి, ఆదోని, కోసిగి వైపు నుంచి కుటుంబాలకి కుటుంబాలు వచ్చి చేలల్లో గుడారాలు వేసుకుంటాయి. వాళ్ళ తెలుగులో కన్నడం కలిసి ఉంటుంది. నిన్న మందు కొట్టిన చేలో ఇవాళ కాయ కోసేది వాళ్ళు. ఎన్ని రోజులు ఆగాలో లేబుల్ మీద ఉండొచ్చు. వాళ్ళకి ఆ డబ్బా కనబడదు, కనబడినా అది వాళ్ళ మాట కాదు. వెంట వచ్చిన పిల్లల చదువు సంగతి వేరే చెప్పాలా? పల్నాడు తండాల్లో లంబాడీ పిల్లలకి తెలుగే రెండో భాష. వాళ్ళ ముందు ఇంగ్లీషా తెలుగా అని మనం కొట్టుకోవడం పక్కింటి ఆస్తి పంపకంలా ఉంటుంది. 2004లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం బంజారాతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక చదువు మొదలుపెట్టింది. పద్ధతి తెలియక కాదు, పట్టు వదలకుండా చెయ్యలేక.

మీ అభ్యంతరాలు నాకు తెలుసు. "రేపు అందరికీ ఇంగ్లీషు వచ్చేస్తుంది." వస్తే సంతోషమే. ఈ ఏడు మిరప కోసే అమ్మకి ఈ ఏడు రాదుగా. "అచ్చ తెలుగు పదాలు పుట్టిస్తే సరి." పుట్టించండి, కానీ ముందు ఊళ్ళో ఏ మాట ఉందో అడిగి పుట్టించండి. పత్తిలో గులాబీ పురుగు పట్టి విచ్చుకోని పువ్వుని 'గుడ్డి పువ్వు' అంటారు. ఏ పరిభాషా సంఘం ఇంత మంచి మాట ఇవ్వగలదు?

మూడోది మనవాళ్ళకి ఇష్టమైనది: "ఏఐ చూసుకుంటుంది." 2022లో కేంద్రం భాషిణి మొదలుపెట్టింది, ఇంకా బోలెడు మోడళ్ళు వస్తున్నాయి, మంచిదే. కానీ మోడల్ తినేది మనం పెట్టిన మేతే. వార్తల తెలుగు, సినిమా రివ్యూల తెలుగు మేపితే అదే పాలిస్తుంది. కల్లం, తాలు కాయ, టిక్కీ, కింది ముడత అన్న మాటలు ఎవరూ ఎక్కించకపోతే దానికెలా తెలుస్తాయి? పైగా తెలియదని చెప్పదు, ధైర్యంగా తప్పు చెబుతుంది. రైతు ఫోన్లో "మందు" అంటే అది నాలుగు మందుల్లో ఏదో తేల్చుకోవాలంటే మళ్ళీ ఎవరో ఒకరు పొలానికి వెళ్ళాల్సిందే.

మరి ఏం చెయ్యాలి? నాకు తోచినవి నాలుగు. ఒకటి, వృత్తి పదకోశం మళ్ళీ మొదలుపెట్టాలి, ఈసారి ఆడియోతో, మండలాల వారీగా, ఎవరైనా వాడుకునేలా. గుంటూరు లాంలో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది, హైదరాబాదు విశ్వవిద్యాలయంలో అనువర్తిత భాషాశాస్త్ర కేంద్రం ఉంది. ఇద్దర్నీ ఒక చేను గట్టున కూర్చోబెట్టాలి. రెండు, మాట చెప్పిన మనిషికి ఆ పూట కూలి ఇవ్వాలి. ఆమె జ్ఞానం ఉచితం, మన కోడ్ మాత్రం గంటకి ఇంత అంటే కుదరదు. మూడు, ఏ ఫారం అయినా, లేబుల్ అయినా, యాప్ అయినా, వాడేవాళ్ళు పదిమంది చదివి తమ మాటల్లో తిరిగి చెప్పాకే బయటికి రావాలి. నాలుగోది మన కోసం. తప్పు తెలుగు మాట కనబడితే దాన్ని కాస్మెటిక్ అని మూసెయ్యకండి. డబ్బు లెక్క తప్పితే ఏ ప్రయారిటీ ఇస్తారో దానికీ అదే ఇవ్వండి.

ఇవేవీ విప్లవాలు కావు. మనకి జీతాలిచ్చే పనులే, కాకపోతే వాడుకరి చొక్కా మాసి ఉంటుంది. అమెరికాలో ఎవరో బ్యాంకు ఖాతాదారుకి ఒక మాట అర్థం కాలేదని అర్ధరాత్రి కాల్‌లో కూర్చుని మార్చినవాళ్ళం మనం. పర్చూరు పత్తి రైతుకి అర్థం కాకపోతే అది ఆయన నిరక్షరాస్యతా? ఏ లెక్కన?